సైంటిస్టు దొరకడం తేలికే, మాట కలవడమే కష్టం: ఆరు సర్వీసుల మీద సమీక్ష

సైన్స్ క్లాసుల్ని పనిలో ఉన్న సైంటిస్టులతో కలిపే సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయే ఆరింటిలో ఏదీ సైంటిస్టుని కలిపినందుకు డబ్బు అడగదు. ఫారం నింపితే ఎవరో ఒకరు దొరుకుతారు కూడా. చిక్కంతా ఆ తర్వాతే. క్లాసులో ముప్ఫై మంది పిల్లలు, తెర మీద ఒక సైంటిస్టు, చేతిలో నలభై నిమిషాలు. అందులో సగం స్లైడ్లకే పోతుంది. తర్వాత "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగితే క్లాసంతా చడీచప్పుడు ఉండదు. చివరికి ముందు బెంచీలో ఎవరో లేచి "మీకు ఏ జంతువంటే ఇష్టం?" అంటారు. చప్పట్లు, ఫొటో, సెలవు.

అందుకని ఈ సర్వీసులన్నిటినీ ఒకటే ప్రశ్నతో చూశాం. సైంటిస్టు లైన్లోకి వచ్చేసరికి పిల్లల చేతిలో ఏముంటుంది? రాసుకున్న ప్రశ్న ఉంటుందా, కొలిచిన అంకెలుంటాయా, ఉత్త చేతులేనా? వచ్చినవాళ్లు ఎంత పెద్ద పదవిలో ఉన్నారన్నది మాకు లెక్కలోకి రాలేదు. నిన్న ల్యాబ్‌లో ఏం చెడిందో చెప్పగలిగే పీహెచ్‌డీ విద్యార్థి, సంస్థ చరిత్ర చెప్పే డైరెక్టర్ కంటే క్లాసుకి ఎక్కువ ఉపయోగం.

అందరికీ ముందు తగిలేది స్కైప్ ఎ సైంటిస్ట్. స్క్విడ్‌లనే సముద్రజీవుల మీద పరిశోధన చేస్తున్న సారా మెక్‌అనల్టీ 2017లో అమెరికాలో దీన్ని మొదలుపెట్టారు. పేరులో ఉన్న స్కైప్ 2025 మేలో మూతపడింది, దానివల్ల దీనికొచ్చిన నష్టమేమీ లేదు, ఇప్పుడు ఏ వీడియో యాప్‌లో మాట్లాడుకున్నా ఒకటే. పిల్లల వయసు, కావలసిన శాస్త్రం, వీలైన వేళలు ఫారంలో రాస్తే ఒక సైంటిస్టుని జత చేసి మెయిల్‌లో పరిచయం చేస్తారు. అక్కణ్ణుంచి టీచరూ సైంటిస్టూ మాట్లాడుకోవాల్సిందే. ఉపన్యాసం వద్దు, ప్రశ్నలూ జవాబులే ఉండాలన్నది వీళ్ల పద్ధతి. ఆ పట్టుదలే ఈ సర్వీసుకి ప్రాణం. అయితే జత కుదిర్చాక మధ్యవర్తి పక్కకి తప్పుకుంటాడు కాబట్టి, ఆ గంట బాగా గడవడమూ చప్పగా గడవడమూ టీచరు చేతిలోనే ఉంటుంది.

టైము దగ్గర జరిగే పొరపాట్లు అన్నిటికంటే ఎక్కువ. "పొద్దున పదింటికి" అని రాస్తే ఎవరి పొద్దున? మెయిల్లో మీ స్థానిక సమయంతో పాటు యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం, కూడా రాయండి. మార్చిలో మరీ జాగ్రత్త. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి మారతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు వారాలు రెండు వైపుల తేడా మామూలు కంటే ఒక గంట అటూ ఇటూ అవుతుంది. శరదృతువులో యూరప్ అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం మార్చుకుంటాయి కాబట్టి అప్పుడు ఒక వారం అదే తంటా. ఫిబ్రవరిలో ఒప్పుకున్న సమయానికి మార్చి మూడో వారంలో తెర ముందు కూర్చుంటే అటువైపు ఎవరూ ఉండరు. తప్పు ఇద్దరిదీ కాదు.

ఇక మాట వినిపించడం. గది మధ్యలో ల్యాప్‌టాప్ పెట్టి వెనక బెంచీ పిల్లాణ్ణి అక్కణ్ణుంచే అడగమంటే అటువైపు గోలే చేరుతుంది. అడిగే పిల్లలు లేచి మైకు దగ్గరికి రావాలి, ఒకరు అడుగుతుంటే తర్వాతివారు పక్కనే సిద్ధంగా నిలబడాలి. స్పీకర్ గొంతు మళ్లీ మైకులోకి వెళ్లి కూత పెడుతుంటే స్పీకర్‌ని మైకు వెనక్కి జరపండి. ముందు రోజు అయిదు నిమిషాలు పరీక్షించి చూడమని అన్ని సర్వీసులూ చెబుతాయి. ఆ అయిదు నిమిషాలూ ఖాళీ గదిలో చేస్తే లాభం తక్కువ, పిల్లలున్నప్పుడు చేయండి. ముప్ఫై మంది కదులుతుంటే ఆ గది మరో గది.

ప్రశ్నల విషయంలో ఒక చిన్న పని చాలా తేడా తెస్తుంది. ఒక్కొక్కరినీ చీటీ మీద రెండేసి ప్రశ్నలు రాయమని, ఆ చీటీల్ని పిల్లల చేతే రెండు కుప్పలు చేయించండి. పుస్తకంలో దొరికేవి ఒకటి, ఈ మనిషి మాత్రమే చెప్పగలిగేవి ఇంకొకటి. "స్క్విడ్‌కి ఎన్ని గుండెలు?" మొదటి కుప్ప, మూడు, ఎక్కడైనా దొరుకుతుంది. "పట్టి తెచ్చిన స్క్విడ్ ల్యాబ్‌లో చచ్చిపోకుండా ఏం చేస్తారు? ఎన్నిసార్లు చచ్చిపోయాయి?" రెండో కుప్ప. మొదటి కుప్పకి జవాబులు క్లాసులో ముందే వెతికించేయండి. రెండో కుప్పలోంచి పన్నెండు తీసి సైంటిస్టుకి మూడు రోజుల ముందు పంపండి. నలభై నిమిషాల్లో పన్నెండు కూడా అవ్వవు, కానీ అవతలి మనిషి ఫోన్లో ఫలానా పరికరం ఫొటో వెతికి పెట్టుకోవడానికి, అక్వేరియం దగ్గర కూర్చుని మాట్లాడటానికి ఆ మూడు రోజులు కావాలి.

బ్రిటన్‌లో 2008లో మొదలైన ఐయామ్ ఎ సైంటిస్ట్ సర్వీసు పూర్తిగా వేరే దారి పట్టింది. వీడియో లేదు, గొంతు లేదు. పిల్లలు టైపు చేస్తారు, సైంటిస్టులు టైపు చేస్తారు. మొదట్లో ఇది టీవీ పోటీలా నడిచేది. ఒక్కో జోన్‌లో, అంటే ఒక్కో గుంపులో, అయిదుగురు సైంటిస్టులు, రెండు వారాలు, రెండో వారంలో పిల్లల ఓట్లతో రోజుకొకరు ఇంటికి. చివర మిగిలినవారికి సైన్సుని జనంలోకి తీసుకెళ్లే పనులకి 500 పౌండ్లు. పైకి చూస్తే తమాషాలా ఉంటుంది కానీ ఇందులో ఒక తెలివి ఉంది. ఓటు పిల్లల చేతిలో ఉంటే, జవాబు పిల్లలకి అర్థమయ్యేలా రాయాల్సిన అవసరం సైంటిస్టుది అవుతుంది. మొహం కనిపించదు కాబట్టి క్లాసులో నోరు విప్పని పిల్లలు ఇక్కడ వరసపెట్టి అడుగుతారు. మీ జీతమెంత, మీరెప్పుడైనా ఫెయిలయ్యారా, దేవుణ్ణి నమ్ముతారా అని గొంతుతో అడగలేనివి టైపు చేసి అడిగేస్తారు.

లోపం వేగంలో ఉంది. అరగంట చాట్‌లో ఇరవై మంది పిల్లలు ఒకేసారి కొడుతుంటే ప్రశ్నలు తెర మీంచి జారిపోతాయి. జవాబు వచ్చేసరికి అడిగినవాళ్లు మరో ప్రశ్నలో ఉంటారు. ఎదురు ప్రశ్న వేసేవాళ్లు బహు తక్కువ. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దర్ని కూర్చోబెట్టండి. ఒకరు టైపు చేస్తారు, ఒకరు జవాబు కోసం కాపలా కాసి నోటుబుక్కులో ఎక్కిస్తారు. "మీరు చెప్పిన దానిలో ఫలానా మాట అర్థం కాలేదు" అన్న రకం ప్రశ్న ఒక్కటైనా ప్రతి జంటా వేయాలని ముందే నియమం పెడితే చాట్ నాణ్యత మారిపోతుంది. మా లెక్కలో ఇది సంశయం ఎక్కువున్న క్లాసులకి మంచి మొదటి మెట్టు. లోతు మాత్రం ఆశించొద్దు.

ఉత్తరాల సర్వీసు కూడా ఒకటుంది. 2010లో అమెరికాలో మొదలైన లెటర్స్ టు ఎ ప్రీ సైంటిస్ట్. ఒక్కో పిల్లకీ ఒక్కో సైంటిస్టు, ఏడాది పొడుగునా కొన్ని ఉత్తరాలు, కాగితం మీద, తపాలాలో. సైన్స్ విషయం నేర్పడానికి ఇది పనికిరాదు, అందుకు పెట్టింది కూడా కాదు. సైంటిస్టు కూడా మనలాంటి మనిషేనని పిల్లలకి తెలియడమే దీని పని. ఆ పని బాగా చేస్తుంది. తన పేరు మీద కవరు రావడమనేది ఈ తరం పిల్లలకి కొత్త. క్లాసులో ఒక్కరికి జవాబు రాకపోయినా ఆ రోజు ఆ పిల్ల మొహం చూడలేం కాబట్టి, ఉత్తరాలన్నీ టీచరు దగ్గర పోగయ్యాక ఒకే రోజు తెరవడం మంచిది. అమెరికా బయటి క్లాసులకి ఇది అందదు, కానీ పద్ధతి ఎక్కడైనా ఎత్తుకోదగ్గది.

తర్వాతిది అరిస్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లతో హామ్ రేడియోలో మాట్లాడించే కార్యక్రమం. వ్యోమగాములంతా సైంటిస్టులు కారు, నిజమే. కానీ అక్కడ రోజూ జరిగేది ప్రయోగాల పనే కాబట్టి ఈ సమీక్షలో చోటిచ్చాం. 2000 డిసెంబరులో ఇలినాయ్‌లోని లూథర్ బర్బాంక్ స్కూలుతో వ్యోమగామి బిల్ షెపర్డ్ మాట్లాడటంతో స్కూళ్లతో సంభాషణలు మొదలయ్యాయి. ఈ ఆరింటిలో పిల్లలకి అతి తక్కువ సమయం ఇచ్చేదీ, వాళ్ల చేత అతి ఎక్కువ పని చేయించేదీ ఇదే.

ఎందుకంటే ఇక్కడ నియమాలు పెట్టేది కక్ష్య. కేంద్రం గంటకి దాదాపు 27,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఒక చోటి నుంచి చూస్తే దిగంతంలో పైకి వచ్చి ఇంకో దిగంతంలో దిగిపోవడానికి మహా అయితే పది నిమిషాలు. అంటే 600 సెకన్లు. పిలుపుకీ వీడ్కోలుకీ ఒక నిమిషం తీసేయండి, 540 మిగిలాయి. ప్రశ్నకి 7 సెకన్లు, జవాబుకి 30 అనుకుంటే పద్నాలుగు ప్రశ్నలు. జవాబులు పొట్టిగా వచ్చే రోజుంటుంది కాబట్టి ఇరవై సిద్ధం చేసుకోవాలి. పద్నాలుగో నంబరు తర్వాతి పిల్లలకి "మీ వంతు రాకపోవచ్చు" అని వారం ముందే చెప్పేయండి. అప్పటికప్పుడు తెలిస్తే ఏడుపులే.

ప్రశ్న పొడుగైతే ఖరీదు ఎంతో చూడండి. "నమస్కారం, నా పేరు ఫలానా, నేను ఏడో తరగతి చదువుతున్నాను, నాకు మొక్కలంటే చాలా ఇష్టం, అంతరిక్షంలో మొక్కల వేర్లు ఏ వైపు పెరుగుతాయో చెప్తారా, ఓవర్." స్టాప్‌వాచ్ పెట్టి చదవండి, 12 సెకన్లు దాటుతుంది. "భారరహిత స్థితిలో వేర్లు ఏ వైపు పెరుగుతాయి? ఓవర్." నాలుగున్నర. ఇరవై మందీ ఇలా కుదిస్తే ఇంకో మూడు నాలుగు ప్రశ్నలకి చోటు దొరుకుతుంది. చివర "ఓవర్" అనడం అలంకారం కాదు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు వినాల్సిన రేడియో ఇది, ఆ మాట మరిచిపోతే అటువైపు ఆగిపోతారు, రెండు వైపులా మౌనం, అయిదు సెకన్లు గాలికి.

రేడియో వైపు సంగతులు పిల్లలకే పాఠం. కేంద్రం నుంచి వచ్చే సిగ్నల్ 145.800 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది. దగ్గరికి వస్తున్నప్పుడు డాప్లర్ ప్రభావం వల్ల దాదాపు మూడున్నర కిలోహెర్ట్జ్ ఎక్కువగా, వెళ్లిపోతున్నప్పుడు అంతే తక్కువగా వినిపిస్తుంది. అయిదేసి కిలోహెర్ట్జ్ మెట్లలో మారే రేడియో అయితే మొదట 145.805, నడినెత్తిన ఉన్నప్పుడు 145.800, చివర్లో 145.795 పెట్టుకుంటే సరిపోతుంది. పాఠంలో అంబులెన్స్ సైరన్ బొమ్మగా మిగిలిపోయే డాప్లర్ ఇక్కడ చేత్తో నాబ్ తిప్పితే తెలుస్తుంది. దిగంతం దగ్గర కేంద్రం రెండు వేల మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది, నెత్తి మీదికి వస్తే నాలుగు వందల చిల్లర. అందుకే మొదటి నిమిషం బరబరలే. ఆ నిమిషంలో మెల్లగా మాట్లాడే పిల్లని నిలబెట్టకండి. గట్టి గొంతు, చిన్న ప్రశ్న ముందుండాలి.

అయ్యే కష్టం కూడా చెప్పుకోవాలి. నెలల ముందే దరఖాస్తు పెట్టాలి, అందులో పిల్లలకి ఏం నేర్పబోతున్నారో పాఠ ప్రణాళిక రాయాలి. స్థానికంగా హామ్ రేడియో లైసెన్సున్న బృందం తోడుండాలి, ఆంటెనా ఆకాశంలో కేంద్రాన్ని వెంబడిస్తూ తిరగాలి, రెండో రేడియో పక్కన సిద్ధంగా ఉండాలి. ఇవేవీ కుదరకపోతే వేరే చోటి గ్రౌండ్ స్టేషన్ పట్టిన సిగ్నల్‌ని ఫోను లైను మీద క్లాసుకి కలిపే పద్ధతి ఉంది. నమ్మకానికి అదే మేలు, కాకపోతే ఆంటెనా తిరగడం చూసే సరదా పోతుంది. పైన పని షెడ్యూలు మారితే తేదీ జరుగుతుంది; పెద్దల్నీ విలేకరుల్నీ పిలిచి పెట్టుకున్నవాళ్లకి ఇదే తలనొప్పి. ఇంతా చేసి పది నిమిషాలా అనేవాళ్లకి మా జవాబు: ఆ పది నిమిషాలు లేకపోయినా, దానికోసం చేసిన మూడు నెలల పని మిగులుతుంది. ఇలా చెప్పగలిగేది ఈ ఆరింటిలో రెండిటి గురించే.

రెండోది ప్లాంటింగ్ సైన్స్. మా ఓటు దీనికే. అమెరికా వృక్షశాస్త్ర సంఘం 2005 నుంచి నడుపుతోంది. పిల్లలు ముగ్గురు నలుగురు చొప్పున జట్లు కడతారు, ప్రతి జట్టుకీ ఒక వృక్షశాస్త్రజ్ఞుడో శాస్త్రజ్ఞురాలో మెంటర్‌గా ఉంటారు. మాటలన్నీ రాతలోనే, కొన్ని వారాల పాటు. జట్టు తన ప్రశ్న, ప్రణాళిక, కొలతలు పెడుతుంటే మెంటర్ చూసి రాస్తారు. మెంటర్లలో పీహెచ్‌డీ విద్యార్థులు చాలామంది. టీచరుకి సాయంగా వేరే సైంటిస్టు ఒకరుంటారు, ఏ మెంటరైనా పలక్కపోతే పట్టుకోవాల్సింది ఆ మనిషినే.

ఇక్కడ సంభాషణ ఎలా పండుతుందో, ఎలా ఎండుతుందో ఒక ప్రయోగం మీద చూపిస్తే తేలిగ్గా తెలుస్తుంది. కిరణజన్య సంయోగక్రియ మీద వీళ్ల పరిశోధనాంశంలో వాడేది ఆకుముక్కలు తేలే ప్రయోగం. తాజా పాలకూర ఆకులోంచి కాగితాలు పంచ్ చేసే మెషీన్‌తో, పెద్ద ఈనెలు తప్పించి, పది బిళ్లలు తీస్తారు. ఆకుకి కార్బన్ డయాక్సైడ్ అందడానికి అర లీటరు నీళ్లలో ఒక గ్రాము వంటసోడా కలుపుతారు, అంటే 0.2 శాతం. దానిలో పలచగా చేసిన గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క. సూది లేని సిరంజిలో బిళ్లలు వేసి, ద్రావణం కొంత పీల్చి, గాలి బయటికి తోసి, మూతిని వేలితో గట్టిగా మూసి పిస్టన్‌ని వెనక్కి లాగి పది సెకన్లు పడతారు. ఆకు కణాల మధ్య సందుల్లో ఉన్న గాలి బయటికొస్తుంది, వదలగానే ద్రావణం ఆ సందుల్లోకి పోతుంది. ఇలా రెండు మూడు సార్లు చేస్తే బిళ్లలు మునుగుతాయి. వాటిని పారదర్శకమైన గ్లాసులో పోసి దీపం కింద పెట్టి నిమిషానికోసారి తేలినవి లెక్కపెడతారు. వెలుతురులో పుట్టిన ఆక్సిజన్ సందుల్లో చేరి బిళ్లని పైకి లేపుతుంది. పదిలో అయిదు తేలడానికి పట్టిన సమయమే కొలత. పదీ తేలేదాకా ఆగితే ఎక్కడో ఈనె తగిలిన ఒక్క మొండి బిళ్ల మొత్తం లెక్కని పాడుచేస్తుంది.

చెడిపోయే చోట్లు బోలెడు. బిళ్లలు మునగకపోతే మూతి సరిగ్గా మూయలేదు, లేదా సబ్బు చాలక నీరు ఆకుకి అంటట్లేదు. నురగ వస్తే సబ్బు ఎక్కువైంది, ఆ బుడగలే బిళ్లల్ని మోసి దొంగ ఫలితం ఇస్తాయి. మునిగిన బిళ్లలు ఒకదానికొకటి అంటుకుంటే గ్లాసుని మెల్లగా తట్టాలి. అసలేవీ తేలకపోతే సోడా మరిచిపోయి ఉంటారు, వాడిన ఆకు తెచ్చి ఉంటారు, లేదా పదేపదే లాగి ఆకు కణాల్ని దెబ్బతీసి ఉంటారు. సోడా వేయని మామూలు నీటి గ్లాసు పక్కన లేకపోతే ఆ ప్రయోగానికి విలువే లేదు. తేలిన బిళ్లల్ని చీకట్లో పెడితే శ్వాసక్రియకి ఆక్సిజన్ ఖర్చయి మళ్లీ మునుగుతాయి. ఒక్క పీరియడ్ అదనంగా ఇస్తే పిల్లలు ఆ రెండోదాన్ని కూడా కళ్లతో చూస్తారు.

ఇప్పుడు ఒక జట్టు ఇలా రాసిందనుకోండి: "దీపానికి రంగు కాగితాలు చుట్టాం. ఎర్ర వెలుతురులో ఏడో నిమిషానికి అయిదు తేలాయి, ఆకుపచ్చలో పద్దెనిమిదికి. కాబట్టి మొక్కలకి ఎరుపు మంచిది." ఇది పుస్తకంతో సరిపోయే జవాబు. "శభాష్, బాగా చేశారు" అని రాసే మెంటర్‌తో కథ అక్కడితో సరి. పనిలో ఉన్న సైంటిస్టు అలా వదలరు. రెండు కాగితాల్లోంచీ ఒకే అంత వెలుతురు వస్తోందని ఎలా తెలుసు? గ్లాసులో నీళ్ల వేడి మొదట ఎంత, చివర ఎంత? దీపం నుంచి రెండు గ్లాసులూ ఒకే దూరంలో ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలతో పిల్లలు మళ్లీ బల్ల దగ్గరికి వెళ్తారు. ఫోన్లోని లైట్‌మీటర్ పెట్టి చూస్తే ఆకుపచ్చ కాగితం సగం వెలుతురుని మింగేస్తోందని తేలుతుంది. ఆ మీటర్ రంగుల్ని సమానంగా చూడదు, పిల్లలు ఆ సంగతి కూడా అడిగేలా చేయగలిగితే ఇంకేం కావాలి. దీపం పాతకాలపు బల్బు అయితే నీళ్ల గ్లాసొకటి అడ్డుపెట్టి వేడిని ఆపుతారు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుందని అప్పుడు గుర్తొస్తుంది. రెండోసారి చేస్తే ఏడుకీ పద్దెనిమిదికీ మధ్య ఉన్న ఆ తేడా చిక్కిపోవచ్చు. "మా మొదటి ఫలితం తప్పు" అని పిల్లలు తమంతట తాము రాసే వాక్యం కోసమే ఈ సర్వీసు.

ఎండేది ఎక్కడంటే టైమ్‌టేబుల్ దగ్గర. మెంటర్ జవాబుకి రెండు మూడు రోజులు పడుతుంది. టీచరేమో సోమవారం ప్రణాళిక పెట్టించి మంగళవారం ప్రయోగం చేయించేస్తారు. గురువారం మెంటర్ "సబ్బు తగ్గించి చూడండి" అని రాసేసరికి గ్లాసులు కడిగేశారు. ఇక అక్కణ్ణుంచి అవి మర్యాద మాటలే. అలా కాకుండా ప్రణాళిక గురువారం పెట్టించి ప్రయోగం మరుసటి బుధవారం వేసుకుంటే వారాంతం మెంటర్‌కి కలిసొస్తుంది. మధ్యలో పిల్లలు ఖాళీగా ఉండరు, సిరంజి పట్టడం అలవాటు చేసుకుంటారు; దానికి ఎలాగూ ఒక పీరియడ్ పోతుంది. ఇంకోటి, నీటుగా గీసిన గ్రాఫ్‌తో పాటు నోటుబుక్కులో కొట్టివేతలతో ఉన్న పేజీ ఫొటో కూడా పెట్టించండి. మెంటర్‌కి దారి దొరికేది ఆ కొట్టివేతల్లోనే. "హాయ్, మేము రెడీ" అని మాత్రమే రాసే జట్టుకి ఎంత మంచి మెంటర్ ఉన్నా ఏం చేయగలరు?

ఏ సర్వీసు అయినా వ్యక్తిగత వివరాల విషయంలో గట్టిగా ఉండాలి. పిల్లల ఇంటిపేరు, ఫోను నంబరు, సొంత మెయిల్ ఎక్కడా కనిపించకూడదు. పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలని అమెరికా చట్టం. సంభాషణంతా సర్వీసు గోడల లోపలే జరగాలి, "నాకు విడిగా రాయి" అని ఏ పెద్దమనిషి అన్నా అది అక్కడికక్కడే టీచరుకి తెలియాలి. దాపరికం లేకుండా సందేశాలన్నీ చదివే మోడరేటర్ ఉన్న సర్వీసుకే మేం మార్కులు వేస్తాం.

చివరిది సైంటిస్టుల్ని కలపడానికి పెట్టింది కాదు, సైంటిస్టులు తమ పరిశోధనకి జనం చేత పని చేయించుకోవడానికి పెట్టింది. 2007లో మొదలైన గెలాక్సీ జూ, దానిలోంచి 2009లో పుట్టిన, ఇలాంటి ప్రాజెక్టులు చాలా ఉండే జూనివర్స్ వెబ్‌సైట్. తెర మీద గెలాక్సీ బొమ్మ వస్తుంది, సుడి ఉందా, నున్నగా ఉందా చెప్పాలి. ఒకే బొమ్మని చాలామంది చూస్తారు కాబట్టి పిల్లల తప్పు ఒకటి అరా లెక్కని చెడగొట్టదు. మొదటి ఏడాదిలోనే లక్షన్నర మంది కలిసి అయిదు కోట్లకి పైగా జవాబులిచ్చారు. క్లాసుకి ఇది మొదటి పది నిమిషాలు సరదా, తర్వాత విసుగు. ఇరవై బొమ్మల దగ్గర ఆపించండి. అసలు సంగతి పక్కనున్న చర్చల పేజీలో ఉంది, అక్కడ పరిశోధకులు స్వయంగా జవాబులిస్తారు, మధ్యవర్తీ లేడు, అపాయింట్‌మెంటూ లేదు.

2007లో హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూలు టీచరుకి ఐసీ 2497 అనే గెలాక్సీ పక్కన నీలం రంగు మరక ఒకటి కనిపించింది. ఇచ్చిన బొత్తాముల్లో దానికి తగినదేదీ లేదు. ఇదేమిటని అడిగారు. ఖగోళ శాస్త్రజ్ఞులకీ తెలియలేదు. పెద్ద టెలిస్కోపులు అటు తిప్పారు, 2010లో హబుల్ కూడా చూసింది. ఆ గెలాక్సీ నడిబొడ్డున ఒకప్పుడు ప్రచండంగా వెలిగి తర్వాత చల్లారిన క్వేజార్ కాంతి తగిలి మెరుస్తున్న వాయుమేఘం అది. దాన్నిప్పుడు హానీస్ వోర్వెర్ప్ అంటారు. డచ్‌లో వోర్వెర్ప్ అంటే ఉత్త "వస్తువు". పిల్లల చేత అక్కడ ప్రశ్న పెట్టించేటప్పుడు బొమ్మ నంబరు తప్పకుండా జత చేయించండి, మరక ఏ మూలన ఉందో రాయించండి. నంబరు లేని ప్రశ్నకి జవాబివ్వాలని ఉన్నా ఇవ్వలేరు.